గడువు, బకాయి: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఆదాయపు పన్ను రిటర్నులు, కట్టని బిల్లులు

ఒక ఇంటికి ఏడాదిలో వచ్చే కాగితాల్లో ఎక్కువ భాగం ఏదో ఒక గడువును మోసుకొస్తాయి. ఆదాయపు పన్ను రిటర్న్, కరెంటు బిల్లు, ఇంటి పన్ను, నల్లా బిల్లు, బ్యాంకు కిస్తీ దేనికదే వేరు. వాటి చట్టాలూ, మిత్తి లెక్కలూ, వసూలు పద్ధతులూ వేరు. గడువులోగా కదిలినవారికి ఈ చట్టాల్లో చాలా వెసులుబాట్లున్నాయి. కాగితాన్ని పక్కన పెట్టి ఊరుకున్నవారికి ఆ వెసులుబాట్లు ఒక్కొక్కటిగా చేజారిపోతాయి. 2016 అక్టోబర్ 11న కొత్తగా ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో ఇది ఎలా నడుస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది. మూడింటిలోనూ సేద్యమే ప్రధానం. అయితే భూపాలపల్లిలో సింగరేణి గనులు, చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. మహబూబాబాద్ జిల్లాలో మిర్చి పంట, కేసముద్రం మార్కెట్, డోర్నకల్ రైల్వే జంక్షన్ ఉన్నాయి. జనగామలో పెంబర్తి ఇత్తడి పనివారున్నారు. అన్నిచోట్లా టీచర్లు, పోలీసులు, పెన్షనర్లు, చిన్న వ్యాపారులు ఉన్నారు.

నేపథ్యం

ఆదాయపు పన్ను ఈ నేలకు ఆలస్యంగా వచ్చింది. బ్రిటిష్ ఇండియాలో జేమ్స్ విల్సన్ 1860లోనే దాన్ని ప్రవేశపెట్టాడు. ఏటా జులై 24ను ఆదాయపు పన్ను దినంగా జరపడం అందుకే. ఈ మూడు జిల్లాలు అప్పుడు నిజాం రాజ్యంలోవి. హైదరాబాద్ రాజ్యం సొంతంగా ఆదాయపు పన్ను చట్టం చేసుకున్నది 1357 ఫస్లీలో, అంటే 1947-48లో. భారతదేశ చట్టం ఇక్కడికి విస్తరించింది 1950 ఏప్రిల్ 1 నుంచి.

అంతకుముందు ఇక్కడి రైతుకు తెలిసిన వసూళ్లు వేరు. శిస్తు, లెవీ ధాన్యం, దేశ్‌ముఖులు అడిగినప్పుడల్లా చేయాల్సిన వెట్టి. జనగామ ప్రాంతంలో విసునూరు దేశ్‌ముఖ్ గుంజుకోబోయిన భూమి కోసం పాలకుర్తిలో చాకలి ఐలమ్మ నిలబడింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగాడు. లెక్క చూపకుండా, రశీదు ఇవ్వకుండా జరిగిన వసూళ్లను ఎదిరించిన ప్రాంతం ఇది. ఇవాళ్టి పన్ను అలాంటిది కాదు. ఎంత కట్టాలో, ఎందుకు కట్టాలో అడగడానికి, అప్పీలు చేయడానికి హక్కు ఉంది. ఆ హక్కును వాడుకోవడానికి కూడా ఒక గడువు ఉంటుందన్న సంగతే చాలామందికి చేరలేదు.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 1962 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాని స్థానంలో పార్లమెంటు చేసిన ఆదాయపు పన్ను చట్టం 2025కు అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. కొత్త చట్టంలో మదింపు సంవత్సరం, గత సంవత్సరం అన్న రెండు మాటలు పోయి పన్ను సంవత్సరం అన్న ఒక్కటే మిగిలింది. 2025-26 ఆర్థిక సంవత్సరం వరకు సంపాదించిన ఆదాయానికి మాత్రం పాత చట్టమే వర్తిస్తుంది. ఈ వ్యాసంలో చెప్పిన సెక్షన్లు ఆ పాత చట్టానివి.

ఎవరు వేయాలి

సేద్యపు ఆదాయం మీద కేంద్రం పన్ను వేయదు. సెక్షన్ 10(1) దాన్ని మినహాయించింది. మిర్చి, పత్తి, వరి అమ్మగా వచ్చిన డబ్బు మాత్రమే ఉన్న రైతు రిటర్న్ వేయనక్కర్లేదు. కానీ జీతం కూడా ఉన్న రైతు సంగతి వేరు. తొర్రూరులో టీచరుగా పనిచేస్తూ సొంతూళ్లో నాలుగెకరాలు సాగు చేసేవారికి పంట ఆదాయం మీద నేరుగా పన్ను పడదు. అయితే సేద్యపు ఆదాయం రూ.5,000 దాటి, మిగతా ఆదాయం కనీస పరిమితిని మించితే, పన్ను రేటు లెక్కించేటప్పుడు మాత్రం రెంటినీ కలిపి చూస్తారు. అందుకే రిటర్న్‌లో పంట ఆదాయాన్ని దాచకుండా రాయాలి.

మహబూబాబాద్ తండాల్లో, భూపాలపల్లి అడవి గూడేల్లో తరచుగా వినిపించే ఒక అపోహ ఉంది. గిరిజనులకు ఆదాయపు పన్ను లేదని. సెక్షన్ 10(26) మినహాయింపు నిజమే కానీ అది ఈశాన్య రాష్ట్రాల్లోని నిర్దిష్ట ప్రాంతాల్లోనూ లద్దాఖ్‌లోనూ నివసించే షెడ్యూల్డ్ తెగలవారికి, అక్కడ వచ్చే ఆదాయానికి మాత్రమే. తెలంగాణ లంబాడాలకు, కోయలకు అది వర్తించదు. ఉద్యోగంలో చేరిన మొదటి తరం గిరిజన యువకులు ఈ మాట నమ్మి రిటర్న్ వేయక నోటీసు అందుకోవడం చాలా బాధాకరమైన విషయం. వారికి ఈ సంగతి ఉద్యోగంలో చేరిన రోజే చెప్పాలి.

రెండో అపోహ పీఎం కిసాన్ చుట్టూ ఉంది. ఏటా రూ.6,000 ఇచ్చే ఆ పథకం నుంచి గత మదింపు సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టినవారిని మినహాయించారు. రిటర్న్ వేస్తేనే పథకం పోతుందని భయపడి బ్యాంకు లోనుకు అవసరమైన రిటర్నును కూడా వేయనివారున్నారు. మినహాయింపు నిబంధనలో ఉన్నది పన్ను కట్టినవారి గురించి. పన్ను పడని ఆదాయానికి రిటర్న్ వేయడం దాని కిందికి రాదు. పన్ను కట్టి కూడా సాయం తీసుకున్నవారు మాత్రం ఆ సొమ్ము తిరిగి చెల్లించాలి.

ఆదాయం కనీస పరిమితి దాటకపోయినా కొందరు రిటర్న్ వేసి తీరాలి. ఏడాదిలో కరెంటు బిల్లు మొత్తం రూ.1 లక్ష దాటినవారు, విదేశీ ప్రయాణాలకు రూ.2 లక్షలకు మించి ఖర్చు చేసినవారు, పొదుపు ఖాతాలో రూ.50 లక్షలు లేదా అంతకు మించి జమ చేసినవారు, టీడీఎస్ రూ.25,000 లేదా అంతకంటే ఎక్కువ కోత పడినవారు ఈ లెక్కలోకి వస్తారు. సీనియర్ సిటిజన్లకు ఆ టీడీఎస్ పరిమితి రూ.50,000. రైస్ మిల్లో, కోల్డ్ స్టోరేజీనో సొంత పేరు మీద నడిపేవారు కరెంటు బిల్లు సంగతి గుర్తుంచుకోవాలి. 75 ఏండ్లు దాటి, పెన్షన్, అది జమయ్యే బ్యాంకులోనే వచ్చే వడ్డీ తప్ప వేరే ఆదాయం లేని పెన్షనర్లు మాత్రం బ్యాంకుకు డిక్లరేషన్ ఇస్తే చాలు, బ్యాంకే పన్ను లెక్కకట్టి కోసుకుంటుంది.

సింగరేణి జీతం

ఈ ప్రాంతంలో ఆదాయపు పన్ను గురించి అత్యంత గట్టిగా మాట్లాడే చోటు భూపాలపల్లి. తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సింగరేణి కాలరీస్‌కు ఇక్కడ కేటీకే గనులు, ఓపెన్‌కాస్టులు ఉన్నాయి. భూగర్భంలో ప్రాణాలకు తెగించి చేసే పని మీద పన్ను మాఫీ చేయాలని కార్మికులు, సంఘాలు ఏండ్లుగా అడుగుతున్నారు. సైనికులతో సమానంగా చూడాలన్నది వారి వాదన. అది న్యాయమైన వేదన. కానీ మాఫీ ఇచ్చే అధికారం పార్లమెంటుది కాబట్టి, అది వచ్చేదాకా యజమాని ఇచ్చే ఫారం 16 ప్రకారం లెక్క చూపక తప్పదు.

గని కార్మికుడి జీతం ప్రతి నెలా ఒకేలా ఉండదు. ఆదివారం ప్లేడేలు, ఓటీ, దీపావళికి వచ్చే ఉత్పత్తి బోనస్, దసరా ముందు లాభాల వాటా. 2024లో లాభాల్లో 33 శాతం, అంటే రూ.796 కోట్లు కార్మికులకు పంచారు. సగటున ఒక్కొక్కరికి రూ.1.90 లక్షలు వచ్చాయి. పండుగ పూట ఇంటికి వచ్చే ఈ సొమ్ము జీతంలో భాగమే. దాని మీదా పన్ను ఉంటుంది.

దాని ప్రభావం ఎంతో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. 2025-26లో కొత్త విధానం ప్రకారం రూ.4 లక్షల వరకు పన్ను లేదు. ఆ తర్వాత ప్రతి రూ.4 లక్షలకు 5, 10, 15, 20, 25 శాతం, రూ.24 లక్షలు దాటితే 30 శాతం. జీతగాళ్లకు రూ.75,000 స్టాండర్డ్ డిడక్షన్. పన్ను పడే ఆదాయం రూ.12 లక్షల లోపు ఉంటే సెక్షన్ 87ఏ రాయితీ వల్ల పన్ను సున్నా. అంటే జీతం రూ.12,75,000 ఉన్న కార్మికుడు రూపాయి కూడా కట్టనక్కర్లేదు. అదే కార్మికుడికి లాభాల వాటా, ఓటీ కలిసి మొత్తం రూ.13,50,000 అయిందనుకుందాం. డిడక్షన్ పోను రూ.12,75,000. దాని మీద పన్ను రూ.71,250, సెస్సు 4 శాతం రూ.2,850, మొత్తం రూ.74,100. అదనంగా వచ్చింది రూ.75,000. చేతిలో మిగిలేది రూ.900. రూ.12 లక్షలు కొద్దిగా దాటినవారిని కాపాడడానికి మార్జినల్ రిలీఫ్ ఉంది. దాని వల్ల రూ.13 లక్షల జీతానికి పన్ను రూ.25,000 దగ్గర, సెస్సుతో రూ.26,000 దగ్గర ఆగుతుంది. అప్పుడు కూడా అదనంగా వచ్చిన రూ.25,000 మొత్తం పన్నుకే పోతుంది, పైన మరో వెయ్యి. ఓటీ చేస్తే మిగిలిందేమీ లేదని కార్మికులు అనే మాట ఈ మెట్టు దగ్గర అక్షరాలా నిజం. ఆర్థిక సంవత్సరం మొదట్లోనే అంచనా వేసుకుంటే కోత నెలనెలా సమంగా పడుతుంది. లేకపోతే ఫిబ్రవరి, మార్చి జీతాలు సగం కూడా చేతికి రావు.

ఏరియర్స్ మరో చిక్కు. 11వ జాతీయ బొగ్గు వేతన ఒప్పందం మీద 2023 మే 20న సంతకాలు జరిగాయి. అది 2021 జులై 1 నుంచి వర్తించింది. 23 నెలల బకాయిలు 2023 సెప్టెంబర్‌లో ఒకేసారి సింగరేణి కార్మికుల ఖాతాల్లో పడ్డాయి. మూడు ఆర్థిక సంవత్సరాల సొమ్ము ఒక్క ఏడాది ఆదాయంలా కనిపించి, పన్ను పై మెట్టుకు చేరింది. ఇలాంటప్పుడే సెక్షన్ 89 రిలీఫ్ పనికొస్తుంది. ఆ సొమ్మును ఏ ఏడాదిది ఆ ఏడాదికి పంచి లెక్కవేసి, తేడాను తగ్గిస్తారు. దానికి రిటర్న్ కంటే ముందు ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఫారం 10ఈ నింపాలి. అది నింపకుండా రిటర్న్‌లో రిలీఫ్ రాసుకుంటే బెంగళూరులో రిటర్నులు పరిశీలించే శాఖ కేంద్రం దాన్ని కొట్టేసి డిమాండ్ పంపుతుంది. పీఆర్సీ, డీఏ బకాయిలు ఒక్కసారిగా అందుకునే టీచర్లకు, ఇతర ప్రభుత్వ ఉద్యోగులకూ ఇదే పద్ధతి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. రిఫండ్ ఇప్పిస్తామని, వచ్చినదాంట్లో వాటా తీసుకునే మధ్యవర్తులు కాలనీల్లో తిరుగుతుంటారు. లేని ఇంటి అద్దె, ఇవ్వని పార్టీ విరాళం, కట్టని వైద్య బీమా రాసి రిఫండ్ తెప్పిస్తారు. 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150కి పైగా చోట్ల ఇలాంటివారి మీద తనిఖీలు చేసింది. తప్పుడు వివరాలకు సెక్షన్ 270ఏ కింద పన్నుకు 200 శాతం జరిమానా. అది కట్టాల్సింది మధ్యవర్తి కాదు, పాన్ ఎవరిదో వారు.

గడువు దాటితే

యజమాని ఫారం 16 ఇవ్వాల్సిన తేదీ జూన్ 15. జీతగాళ్లు రిటర్న్ వేయాల్సింది జులై 31 లోగా. 2025లో ఫారాలు ఆలస్యం కావడంతో ఆ గడువును సెప్టెంబర్ 15కు, చివరి నిమిషంలో 16కు పొడిగించారు. పొడిగింపు వస్తుందని ఏటా ఎదురుచూడడం మంచి అలవాటు కాదు. గడువు దాటినవారు డిసెంబర్ 31 దాకా ఆలస్యపు రిటర్న్ వేయవచ్చు. ఫీజు రూ.5,000. ఆదాయం రూ.5 లక్షలు మించనివారికి రూ.1,000. 

రూ.20,000 పన్ను ఇంకా కట్టాల్సి ఉన్న వ్యక్తి జులై 31కి బదులు నవంబర్ 10న వేశాడనుకుందాం. సెక్షన్ 234ఏ కింద నెలకు 1 శాతం చొప్పున నాలుగు నెలలకు రూ.800. నెలలో ఒక్కరోజు గడిచినా పూర్తి నెల లెక్కే. ముందస్తు పన్ను కట్టనందుకు 234బీ కింద ఏప్రిల్ నుంచి ఎనిమిది నెలలకు రూ.1,600. ఫీజు రూ.5,000. మొత్తం రూ.7,400, 234సీ మిత్తి కాకుండానే. ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి ఆ రూ.20,000 జులైలో కట్టినా ఇంతకంటే తక్కువే అయ్యేది.

డబ్బు నష్టం కంటే పెద్దది మరొకటి ఉంది. ఇల్లు కట్టుకున్న లోను, పీఎఫ్, ఎల్ఐసీ ఉన్న ఉద్యోగి వాటికి మినహాయింపులిచ్చే పాత విధానం ఎంచుకోవాలంటే గడువులోగా రిటర్న్ వేయాలి. 2023-24 నుంచి కొత్త విధానమే సహజంగా వర్తిస్తుంది. పాత విధానం కావాలని జీతం బిల్లు చేసే అధికారికి (డీడీఓకు) రాసిచ్చి, జీతంలో కోత అలాగే పడినా, గడువు దాటితే ఆ వీలు పోతుంది. టీచర్ల ఇళ్లల్లో ఈ కారణంగా వేలల్లో పన్ను పెరిగింది. షేర్లలో, వ్యాపారంలో వచ్చిన నష్టాన్ని వచ్చే ఏండ్లకు తీసుకుపోయే హక్కు కూడా గడువు దాటాక ఉండదు.

డిసెంబర్ 31 కూడా దాటినవారికి అప్‌డేటెడ్ రిటర్న్ ఉంది. 2025 ఆర్థిక చట్టం దాని గడువును 24 నెలల నుంచి 48 నెలలకు పెంచింది. ఆలస్యాన్ని బట్టి అదనపు పన్ను 25, 50, 60, 70 శాతం. దాంతో రిఫండ్ అడగడం కుదరదు. రిఫండ్ రావాల్సి ఉండి, నిజమైన కారణంతో గడువు తప్పినవారు సెక్షన్ 119(2)(బి) కింద ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు చేసుకోవాలి. దానికీ ఐదేండ్ల హద్దు ఉంది.

రిటర్న్ వేయడంతోనే పని అయిపోదు. 30 రోజుల్లోగా ధ్రువీకరించాలి. మీసేవలోనో, కన్సల్టెంటు దగ్గరో వేయించుకున్నవారికి ఆధార్ ఓటీపీ పాత ఫోన్ నంబరుకు వెళ్తుంది. నంబరు మారి ఏండ్లయి ఉంటుంది. రశీదు చేతిలో ఉంది కదా అని ఊరుకుంటే, ధ్రువీకరణ లేని ఆ రిటర్న్ చెల్లదు. ఈ మూడు జిల్లాల్లో జరిగే పొరపాట్లలో ఇంత తేలికగా తప్పించుకోగలిగింది మరొకటి లేదు.

పన్ను కట్టడానికి డబ్బు లేనప్పుడు

డబ్బు లేదు కాబట్టి రిటర్న్ ఆపేయడం పెద్ద తప్పు. రిటర్న్ వేయడం, పన్ను కట్టడం వేర్వేరు పనులు. పన్ను బాకీ చూపిస్తూనే రిటర్న్ వేయవచ్చు. అప్పుడు ఆలస్యపు ఫీజు, 234ఏ మిత్తి ఉండవు. బాకీ మీద నడిచే మిత్తి మాత్రమే మిగులుతుంది. దీనికి వ్యతిరేక పరిస్థితిలోనూ ఇదే తర్కం. పత్రాలు దొరకక రిటర్న్ ఆలస్యమవుతుందనుకుంటే, పన్నును మాత్రం గడువులోగా చలానా కట్టి ఉంచాలి. గడువులోగా కట్టిన మేరకు 234ఏ మిత్తి పడదు.

శాఖ నుంచి సెక్షన్ 156 డిమాండ్ నోటీసు వస్తే 30 రోజుల్లో కట్టాలి. ఆ తర్వాత నెలకు 1 శాతం మిత్తి. ఆ 30 రోజులు ముగియకముందే గడువు పెంచమని, వాయిదాల్లో కట్టుకుంటామని అధికారికి సెక్షన్ 220(3) కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. అమ్మాయి పెండ్లి, ఆసుపత్రి ఖర్చు, ఆగిపోయిన జీతం, ఏ కారణమైనా కాగితం మీద పెట్టి చూపాలి. డిమాండ్ తప్పని అనిపిస్తే పోర్టల్‌లో అంగీకరించడం లేదని కారణంతో సహా రాయాలి. లెక్కలో కనిపించే తప్పుకు సవరణ దరఖాస్తు, మిగతావాటికి 30 రోజుల్లోగా అప్పీలు. ఏమీ చేయకపోతే వచ్చే ఏడాది రిఫండ్‌ను ఆ బాకీకి సర్దుకుంటారు. దానికి ముందు ఇచ్చే నోటీసుకు 21 రోజుల్లో జవాబిచ్చే హక్కు ఉంది. ఇంకా మొండికేస్తే బ్యాంకు ఖాతా, జీతం నుంచే వసూలు చేయగలరు. కావాలని రిటర్న్ వేయకుండా ఉన్నవారి మీద సెక్షన్ 276సీసీ ప్రాసిక్యూషన్ ఉంది. కట్టాల్సిన పన్ను రూ.10,000 మించకపోతే అది వర్తించదు.

పాత చిల్లర బాకీల విషయంలో ప్రభుత్వం ఒకసారి ఉదారంగా ఉంది. 2024 ఫిబ్రవరి బడ్జెట్‌లో 2009-10 వరకు ఒక్కోటి రూ.25,000, 2010-11 నుంచి 2014-15 వరకు రూ.10,000 లోపు డిమాండ్లను ఉపసంహరించుకున్నారు. ఒకరికి మొత్తంగా రూ.1 లక్ష దాకా. మంచి నిర్ణయం. అప్పట్లో చేతిరాత రికార్డులు కంప్యూటర్లకు ఎక్కిస్తున్నప్పుడు పుట్టిన తప్పుడు డిమాండ్లు చాలామంది విశ్రాంత ఉద్యోగులను వేధించాయి.

కరెంటు బిల్లు, ఇంటి పన్ను

ఈ మూడు జిల్లాలకు కరెంటు ఇచ్చేది హనుమకొండ కేంద్రంగా ఉన్న ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ. మీటరు దగ్గర చేతిలో పెట్టే చిన్న చీటీలో ఆ నెల యూనిట్లు, మొత్తం, గడువు తేదీ, వేరే వరుసలో పాత బకాయి ఉంటాయి. ఆ చీటీ మీది అక్షరాలు నెలల్లోనే వెలిసిపోతాయి. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోవడం మేలు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు జీరో బిల్లు వస్తోంది. అది ఆ నెల వాడకానికి మాత్రమే. పాత బకాయి దాంతో మాఫీ కాదు.

బిల్లు కట్టనందుకు ఫ్యూజు పీకేయాలంటే విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 56 ప్రకారం ముందుగా 15 పూర్తి రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. బిల్లు తప్పని వాదిస్తున్నవారికి ఈ సెక్షన్‌లోనే మంచి రక్షణ ఉంది. అడిగిన మొత్తం లేదా గత ఆరు నెలల సగటు, రెంటిలో ఏది తక్కువైతే అది నిరసనతో కట్టేస్తే వివాదం తేలేదాకా సరఫరా ఆపకూడదు. మీటరు చెడి ఒక్కసారిగా వేలల్లో బిల్లు వచ్చిన ఇళ్లు ఈ వాక్యాన్ని దరఖాస్తులో రాసి 1912కు, ఆ తర్వాత వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లాలి. రెండేండ్లకు ముందటి బాకీ ప్రతి బిల్లులోనూ చూపిస్తూ రాకపోతే దాని పేరుతో సరఫరా ఆపడానికి వీల్లేదు. సంస్థ సివిల్ కోర్టుకు వెళ్లే దారి మాత్రం మిగులుతుందని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. పాత ఇల్లు కొనేవారు మరో తీర్పును గమనించాలి. నిబంధనలు అనుమతిస్తే, కొత్త కనెక్షన్ ఇవ్వడానికి పాత యజమాని బాకీ కట్టమనవచ్చని 2023 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. రిజిస్ట్రేషన్‌కు ముందే ఆఖరి బిల్లు అడిగి చూడాలి.

మున్సిపాలిటీల్లో ఇంటి పన్ను ఏడాదిది మొత్తం ఏప్రిల్ నెలలోనే కట్టినవారికి 5 శాతం తగ్గింపు ఉంటుంది. ఆలస్యమైతే నెలకు 2 శాతం మిత్తి. 2024, 2025 సంవత్సరాల మార్చిలో ప్రభుత్వం ఆ మిత్తిలో 90 శాతం మాఫీ ప్రకటించింది. ఇది ఏటా వస్తుందన్న హామీ లేదు. పల్లెల్లో ఇంటి పన్ను కట్టించేది చాలాసార్లు ఎన్నికలే. పంచాయతీకి బాకీ ఉన్నవారు పోటీకి అనర్హులు కావడంతో నామినేషన్ల వేళ కార్యదర్శి దగ్గర నో డ్యూ కాగితం కోసం వరుస కడతారు. ఏండ్ల బాకీలు రెండు మూడు రోజుల్లో జమవుతాయి.

రావలసిన బిల్లులు

బాకీ పడేది ఎప్పుడూ సామాన్యుడే కాదు. 2024 ఫిబ్రవరి 1తో పదవీకాలం ముగిసిన సర్పంచులు చాలామంది వైకుంఠధామాలు, పల్లె ప్రకృతి వనాలు, సీసీ రోడ్ల బిల్లులు రాక, అప్పు తెచ్చి పనులు చేయించినందుకు మిత్తి కడుతూ రోడ్డెక్కారు. పౌరుడు ఒక్క నెల ఆలస్యం చేస్తే మిత్తి వేసే వ్యవస్థ, తాను ఏండ్లు ఆలస్యం చేసినప్పుడు మిత్తి గురించి మాట్లాడకపోవడం న్యాయం కాదు.

చిన్న తయారీదారులకు చట్టం కొంత అండ ఇచ్చింది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న పెంబర్తి ఇత్తడి కళాకారుడు ఒక షోరూముకు సరుకు ఇస్తే, చిన్న పరిశ్రమల కోసం చేసిన 2006 నాటి చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా 45 రోజుల్లో, ఒప్పందం లేకుంటే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఇవ్వకపోతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేస్తే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ తేలుస్తుంది. 2023-24 నుంచి మరో ఒత్తిడి తోడైంది. అలా ఆపిన బిల్లు మొత్తాన్ని కొన్నవారు ఆ ఏడాది ఖర్చుగా చూపలేరు, చెల్లించిన ఏడాదే చూపాలి. ఈ రక్షణ చేతికి రావాలంటే బిల్లు మీద తేదీ, ఉద్యమ్ నంబరు ఉండాలి. ఉద్దెర ఖాతా పుస్తకంలో పెన్సిలుతో రాసిన లెక్క దానికి సరిపోదు.

అప్పు ఇచ్చినవాడు ఇంటికొచ్చినప్పుడు

2010లో మైక్రోఫైనాన్స్ వసూళ్లు వరంగల్ పల్లెల్లో ఎన్ని ఇళ్లను కుదిపేశాయో ఇక్కడి ఆడవాళ్లకు బాగా గుర్తుంది. ఆ ఏడాది అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. రిజర్వ్ బ్యాంకు నియంత్రణలోని సంస్థలకు ఆ చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పునిచ్చింది. ఇప్పుడు ఆధారం రిజర్వ్ బ్యాంకు నియమాలే. మైక్రోఫైనాన్స్ వసూలు ఏజెంట్లు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. బెదిరించకూడదు, చుట్టుపక్కల వారి ముందు అవమానించకూడదు. జరిగితే ముందుగా సంస్థకు రాతపూర్వకంగా, 30 రోజుల్లో జవాబు రాకపోతే లేదా తృప్తికరంగా లేకపోతే 14448 నంబరున్న అంబుడ్స్‌మన్ వ్యవస్థకు వెళ్లాలి.

తనఖా అప్పు కిస్తీలు 90 రోజులు ఆగితే నిరర్థక ఖాతా అవుతుంది. ఆ తర్వాత సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇస్తుంది. ఆ 60 రోజుల్లో రుణగ్రహీత అభ్యంతరం రాస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. సాగుభూమికి ఈ చట్టం వర్తించదు. చెక్కు బౌన్స్ అయితే చెక్కు తీసుకున్నవారు 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అది అందిన 15 రోజుల్లో డబ్బు ఇచ్చేస్తే కేసు నిలవదు. చిట్టీ పాట సొమ్ముకు ఖాళీ చెక్కులు ఇచ్చినవారికి ఆ 15 రోజులే ప్రాణం.

2022 జూన్ 2 నుంచి ఈ మూడు జిల్లాలకూ సొంత జిల్లా కోర్టులున్నాయి. బ్యాంకు బాకీలు, చెక్కు కేసులు, ఇంకా కోర్టు మెట్లెక్కని వివాదాలు కూడా జాతీయ లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. ఫీజు లేదు, కోర్టులో ముందే కట్టిన ఫీజు తిరిగి ఇస్తారు. తీర్పు మీద అప్పీలు ఉండదు కాబట్టి ఒప్పుకునే మొత్తం, వాయిదాల తేదీలు, మాఫీ అయిన మిత్తి ఎంతో అవార్డు పత్రంలో స్పష్టంగా రాయించుకోవాలి. ఆఖరి వాయిదా కట్టాక బ్యాంకు నుంచి నో డ్యూ పత్రం, తనఖా పెట్టిన అసలు దస్తావేజులు వెనక్కి తెచ్చుకోవాలి. మొత్తం చెల్లించిన 30 రోజుల్లో దస్తావేజులు ఇవ్వకపోతే బ్యాంకే రోజుకు రూ.5,000 చొప్పున పరిహారం ఇవ్వాలన్న రిజర్వ్ బ్యాంకు ఆదేశం 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది.